హుద్‌హుద్ తెచ్చిన ఖబర్

హుద్‌హుద్ అంటే మన పిల్లలకు సులైమాన్ అలైహిస్సలాం కిస్సాలోని పరిందా. నేల అడుగున నీళ్లెక్కడున్నాయో అది పసిగట్టేదని తఫ్సీర్లలో రాశారు. ఒమన్ ఆ పేరే పెట్టిన తుఫాను 2014 అక్టోబర్ 12న విశాఖను తాకింది. అరకు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కూలాయి. చెట్టు పోయిన వాలు మీద మట్టి నిలవదు, వానకు గెడ్డల్లోకి దిగిపోతుంది.

తుఫానొస్తే మన నౌజవాన్లు దేగ్‌లెక్కించి ఖానా పంచుతారు, మాషా అల్లాహ్. నీళ్లు తీశాక దరియా ఫికర్ ఎవరికీ ఉండదు.

గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా తాటిపూడి జలాశయానికొచ్చి, భీమిలి దగ్గర సముందర్‌లో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖకూ వస్తాయి. మన వుజూ నీళ్లలో కొన్ని ఆ కొండ ఊటలవే.

ఆ కొండల్ని చూసుకుంటున్నది ఆదివాసీలు. నాంది ఫౌండేషన్‌తో కలిసి అరకు రైతులు కాఫీతోపాటు పండ్ల చెట్లూ లక్షల్లో నాటారు. నర్సీపట్నం వైపు విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి గ్రామస్తులతో కలిసి, మోటారు లేకుండా ఊట నీళ్లను పైపుల్లో ఊళ్లకు దింపింది. పైనున్న అడవి నరికితే ఆ కుళాయి ఎండుతుంది. మనమో, అరకు వెళ్లి బొంగులో చికెన్ తిని ప్లేట్లు గెడ్డలో పారేస్తాం. నేనూ పారేశాను, ఝూట్ ఎందుకు.

వరద రిలీఫ్ చందాలో నాలుగో వంతు ఊటలకూ మొక్కలకూ తీసిపెట్టాలని నా రాయ్. నాటిన చెట్టు నుంచి పరిందా తిన్నా సదఖాయేనని బుఖారీలో ఉంది కదా. “కొండల్లో మనవాళ్లెవరున్నారు భాయ్?” అని కమిటీలో అడుగుతారు, తెలుసు. వచ్చే జుమా తర్వాత అయినా ఈ మాట ఎత్తుతాను. మీ మహల్లాలో మీరూ అడిగి చూడండి.