పాత కారు బుష్షులు: సంఘము చేయఁదగిన పని

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు పల్లెలలో ఒకనాఁడు ఎడ్లబండి నిలిచిన ముంగిట నేఁడు పాత కారు నిలిచియుండుట అరుదు కాదు. అంబాసిడరు, మారుతి 800 అను రెండు కార్ల తయారియు 2014లో ఆగిపోయినది. అయినను, కొన్న కర్షకులు వానిని విడువలేదు. అవి రైతును సంతకును, రోగిని నెల్లూరు ఆసుపత్రికిని మోయుచునే యున్నవి. 15 ఏండ్లు నిండిన స్వంత కారునకు పరీక్ష చేయించి, 5 ఏండ్లకొకమాఱు రిజిస్ట్రేషను మార్పించుకొనవలెనని చట్టము. ఆ పరీక్షకు ముందే మనము చేసికొనవలసిన పరీక్ష యొకటి కలదు. అది చక్రపు కీళ్లలోని రబ్బరు బుష్షులను గూర్చినది.

బుష్షనఁగా చాలవఱకు లోపల నొక యినుప గొట్టము, వెలుపల నొక గొట్టము, ఆ రెంటి నడుమ అంటించిన రబ్బరు. చక్రమును పట్టియుంచు ఇనుప చేయి చట్రముతోఁ గలియుచోటను, కమాను కట్టల కొనలయందును ఇది యుండును. చక్రము గుంటలోనికి దిగి లేచునపుడెల్ల రబ్బరు మెలిదిరిగి మరల తన స్థితికి వచ్చును. ఎండ, దుమ్ము, కాలము కలిసి దానిని బీటలు వాఱించును. అపుడు గతుకులలో ముందు చక్రములకడ టకటక ధ్వని పుట్టును. బ్రేకు వేయఁగా కారు ఒక ప్రక్కకు లాగును. టైరు ఒక అంచుననే అఱుగును. సోమశిల కాలువగట్టు బాటలపైఁ దిరుగు కారున కిట్టి లక్షణములు కన్పట్టినచో ఉపేక్షింపరాదు.

ఇచట మన పాత యలవాటొకటి చెఱుపు చేయుచున్నది. బండి కిఱ్ఱుమన్నచో కందెన పెట్టుట తాతలనాఁటి నీతి. ఇరుసు జాఱుచుఁ దిరుగునది కనుక దానికది హితమే. బుష్షు జాఱునది కాదు, మెలిదిరుగునది. నూనెయు, గ్రీసును రబ్బరును ఉబ్బించి చివికించును. ధ్వని రెండు నాళ్లు అణఁగును, రోగము ముదురును.

బుష్షులను మార్చుట పట్టణపు మెకానిక్కు పని యని కొందఱును, సుత్తియు గునపమును ఉన్నఁ జాలునని కొందఱును వాదింతురు. ఈ రెండును మాకు సమ్మతములు కావు. బుష్షు వెల స్వల్పము. కాని దానికై కూలియు, ఒక దినపు పనియు పోవునని వాయిదా వేసి, తుదకు టైర్లను పోఁగొట్టుకొనుచున్నారు. చెక్కగరిటెలను చేతితో మలచి పేరుపొందిన ఉదయగిరి సీమలో చేతినేర్పునకు కొఱఁత లేదు. కొఱఁత సాధనములకే. జాకీమీఁద మాత్రమే నిలిపిన కారు క్రిందికి దూఱుట, ఇటుకలను, రాళ్లను ఊఁతగాఁ బెట్టుట ప్రాణాంతకము. ఇటుక ముందుగా తెలుపక పగులును. జాకీ ఒరగుటకు క్షణము చాలును.

ఇంటికడ చేయఁదగిన క్రమమిది. సమమైన గట్టినేలపై కారు నిలిపి, నేలనంటియుండు చక్రములకు ముందువెనుకల మొద్దులు పెట్టవలెను. చక్రపు నట్లను కారు ఎత్తకముందే వదులు చేయవలెను. ఎత్తిన పిదప చట్రమునకు ఇనుప స్టాండ్లు అమర్చి, కదలదని రూఢి చేసికొనవలెను. చేయి విప్పి, పాత బుష్షు ఏ ముఖముగా నున్నదో గుర్తు పెట్టుకొని, పొడుగు బోల్టు, నట్టు, తగిన గొట్టపుముక్కల సాయమున మెల్లఁగా లాగవలెను. నిప్పు పెట్టి కాల్చరాదు; ఆ పొగ విషము. క్రొత్తదానికి సబ్బునీరు చాలును. ఒక ప్రక్క మార్చినచో రెండవ ప్రక్కయు మార్చుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది తుది బిగింపు. చక్రము వ్రేలాడుచుండఁగా బోల్టును బిగించినచో, కారు నేలకు దిగినతోడనే రబ్బరు మెలిపడి, అట్లే నిలిచి, కొలఁదికాలములోనే చినుఁగును. కావున కారు బరువు చక్రములపై నున్నపుడే కడపటి బిగింపు చేయవలెను. పిమ్మట చక్రముల వరుసను యంత్రముపై సరిచూపించుకొనవలెను.

అన్నియు ఇంటి పనులు కావు. మారుతి 800 ముందు చేయి ఓపికగలవానికి సాధ్యమే. అంబాసిడరు వెనుక కమాను బుష్షులును అట్లే. అంబాసిడరు ముందు భాగమున మెలికడ్డీ బలమంతయు ఆ చేతిపై నుండును. చుట్టుస్ప్రింగులలోను అట్టి బలమే దాఁగియుండును. వానిని పనివానికే విడువవలెను.

ఇంక మా ప్రార్థన. ప్రతి సంఘమును నాలుగు స్టాండ్లు, మొద్దులు, బుష్షు లాగు మరసాధనము, బిగింపును కొలుచు పానా కొని, పద్దు వ్రాసి సభ్యులకు స్వల్పమైన అద్దెకిచ్చుట మంచిది. ఏటికొక పర్యాయము వాడు వస్తువును ఇంటింట కొనుట వ్యర్థము. మందు చల్లు యంత్రములను కలిసి వాడుకొనుటలోని న్యాయమే యిది. సంఘధనము సేద్యమునకే గాని కార్లకా యని కొంద ఱాక్షేపింపవచ్చును. 1904 నాఁటి చట్టము పరపతి సంఘములకే పరిమితమైనది. 1912 చట్టము ఇతర సహకార కార్యములకును వాకిలి తెఱచినది. సభ్యుని ప్రాణమును, పైకమును కాపాడు పని ఆ వాకిటికి వెలుపలిది కాదు.

ఆశ్వయుజ, కార్తికముల వానలకు బాటలు చెడకముందే సంఘపు ఆవరణమున ఒక దినము ప్రదర్శనము జరిపి, సభ్యులచేతనే పని చేయించినచో నూఱు ఉపన్యాసములకంటె మేలగును. పాలకవర్గములవారు రాఁబోవు సమావేశమున ఈ విషయమును చర్చింతురుగాక.