దారం నగ కాదా?

బంగారం ఉంటేనే ఆడపిల్లకు అందం అనే మాట మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. పెళ్లికి వెళ్లినా, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వెళ్లినా అందరూ ముందు చూసేది మెడ, చెవులే. 2025లో పది గ్రాముల బంగారం ధర లక్ష రూపాయలు దాటింది. కూలి డబ్బులతో ఇల్లు నడిపే మన తల్లిదండ్రులు ఆ ధరకు బంగారం కొనాలంటే అప్పు చేయడం తప్ప వేరే దారి లేదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో దారంతో, నారతో చేసే నగల గురించి మా అభిప్రాయం చెప్పదలచుకున్నాం.

దారం నగ నిన్న మొన్న వచ్చిన ఫ్యాషన్ కాదు. తాళిలో పుస్తెలు చిన్నవే, వాటిని మోసేది పసుపు రాసిన నూలు తాడు. పెళ్లిలో చేతికి కట్టే కంకణం దారమే. వ్రతంలో కట్టుకునే తోరం దారమే. పసిపిల్లల మొలతాడు, అమ్మమ్మల కాలం నాటి జడకుచ్చులు అన్నీ దారమే. లంబాడీ అక్కచెల్లెళ్లు ఊలు కుచ్చులకు గవ్వలు, అద్దాలు కలిపి ఎంత అందమైన నగలు చేసుకుంటారో మనకు తెలుసు. మన జీవితంలో ముఖ్యమైన ప్రతి సందర్భంలో దారం ఉంది. అయినా దాన్ని నగ అని పిలవడానికి మనకు నోరు రావడం లేదు!

బయటి దేశాల్లో దీన్ని కళగా గౌరవిస్తున్నారు. అమెరికాకు చెందిన అర్లీన్ ఫిష్ అనే కళాకారిణి బట్ట నేసినట్టు, స్వెట్టర్ అల్లినట్టు వెండి తీగతో నగలు అల్లారు. ఆ పద్ధతులను వివరిస్తూ 1975లో ఒక పుస్తకం కూడా రాశారు. అంటే నగల తయారీ నేతపని దగ్గర పాఠం నేర్చుకుందన్నమాట. మరి నేత, అల్లిక తెలిసిన మనం ఎందుకు వెనుకబడాలి?

మన చుట్టూ ఏముందో ఒకసారి చూడండి. గోగు పంట మన రైతులకు పాతదే. కట్టలు కట్టి చెరువులో ఊరబెట్టి, నార ఒలిచి, కడిగి ఆరబెడతారు. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులు ఇలాంటి నార మీదే నడిచాయి. ప్లాస్టిక్ సంచులు వచ్చాక గోనెసంచికి గిరాకీ తగ్గింది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. ఇక పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, వెంట్రుకంత సన్నని నూలు వడికే పనితనం ఉంది. మన మండలంలోనే ముక్కాం, చేపలకంచేరు వైపు వెళితే వల అల్లే చేతులు కనిపిస్తాయి. వలకు వేసే ముడి, మెడలో హారానికి వేసే ముడి రెండూ అన్నదమ్ముల్లాంటివి. నార ఉంది, నూలు ఉంది, ముడి వేసే నేర్పు ఉంది. ఈ మూడింటినీ ఒకచోట చేర్చే ఆలోచనే లేదు.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక ప్రశ్న అడుగుతారు. "డబ్బున్న పిల్లలకు బంగారం, హాస్టల్ పిల్లలకు దారమా?" అని. ఈ ప్రశ్న న్యాయమైనదే. 1930లో తమిళనాడులోని రామనాథపురం ప్రాంతంలో ఆది ద్రావిడులు బంగారు, వెండి నగలు పెట్టుకోకూడదని పెత్తందారీ కులం వారు ఆంక్షలు పెట్టారు. నగ మీద కూడా కులం కూర్చున్న దేశం మనది. 1927 డిసెంబరులో మహద్‌లో డాక్టర్ అంబేడ్కర్ గారు మహిళలతో మాట్లాడుతూ, అంటరానివారని గుర్తుపట్టేలా చేసే బరువైన నగలను వదిలేయమని చెప్పారు. కాబట్టి "మీకు ఇది చాలు" అని ఎవరైనా దారం నగ మన చేతిలో పెడితే దాన్ని మనం తీసుకోకూడదు. మనకు నచ్చి మనం పెట్టుకోవాలి. కలెక్టరు గారి అమ్మాయి కూడా నచ్చి కొనుక్కోవాలి. అప్పుడే అది నగ అవుతుంది. లేకపోతే అది మరో ముద్ర అవుతుంది.

రెండో విషయం కూలి. ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు సిల్క్ దారం గాజులు, బుట్టలు చేస్తున్నారు. ఆ దారం పేరుకే సిల్క్, చాలావరకు రేయాన్. లోపల ఉండేది ప్లాస్టిక్ గాజు. ధర చెప్పేటప్పుడు దారం, గాజు, జిగురు, కుందన్ల ఖర్చు లెక్కేస్తారు గానీ, వంగి కూర్చున్న గంటలను లెక్కేయరు. "ఖాళీగా ఉన్నప్పుడు సరదాగా చేసిందే కదా" అని బేరమాడతారు. కంసాలికి మజూరీ ఇస్తాం, తరుగు కూడా ఒప్పుకుంటాం. దారం అల్లిన అమ్మాయికి మజూరీ ఎందుకు ఇవ్వం? పని పనే కదా!

అలాగని మెచ్చుకోలు కోసం నాసిరకం చేయకూడదు. గోగునార ముతకది, చెమట పడితే మెడ ఒరుసుకుంటుంది. అందుకే చర్మానికి తగిలే వైపు మెత్తని నూలు అల్లాలి. రంగు దారాన్ని తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం నగకు పనికిరాదు. ఇలాంటి జాగ్రత్తలు నేర్పితేనే ఇది నిలబడే పని అవుతుంది.

మన భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. విమానాశ్రయాల్లో జ్ఞాపికలు అమ్మే దుకాణాలు ఉంటాయి. మన దగ్గర ఆ దుకాణంలో ఎక్కడో తయారైన ప్లాస్టిక్ బొమ్మలు ఉండాలా, మన గోగునార హారం ఉండాలా? దాన్ని అమ్మే వాళ్లకే లాభం రావాలా, అల్లిన వాళ్లకు కూడా రావాలా? భూములిచ్చిన ఊళ్ల పిల్లలకు ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఉంది.

మా కోరికలు పెద్దవి కావు. సెలవుల్లో హాస్టళ్లలో నార, నూలు అల్లిక నేర్పించాలి. వల అల్లే పెద్దలనే గురువులుగా పిలవాలి. చేసిన వస్తువుకు మజూరీ కలిపి ధర కట్టాలి. ఇది చదువుకు బదులు కాదు, చదువుకు తోడు మాత్రమే. డాక్టరు కావాలనుకున్న అమ్మాయి డాక్టరే కావాలి. ఆమె మెడలో మన దారం ఉంటే మాకు గర్వం.

మిత్రులారా, బంగారం లేదని తల దించుకోకండి. దారం ఉందని తల ఎత్తుకోండి!