బడికి తాళం, తల్లికి సలహా

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, ఒంటరి తల్లులు ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెప్పేవాళ్లు బయల్దేరతారు. తెల్లారే ధ్యానం చేయాలట, పిల్లలతో కూర్చుని టైంటేబుల్ వేయాలట, తనకంటూ రోజుకో గంట మిగుల్చుకోవాలట. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. అండమాన్ దీవుల్లోని తుష్నాబాద్‌లో వక్కతోటల్లో దినసరి కూలికి పోయే తల్లికి ఆ గంట ఎవరిస్తారు? తొమ్మిదేళ్ల పిల్లాడి మెడలో ఇంటి తాళంచెవి వేలాడదీసి, చెల్లిని వాడికి అప్పగించి, పొయ్యి ముట్టించొద్దని, ఉప్పునీటి మొసళ్లు తిరిగే క్రీకు వైపు పోవద్దని పదే పదే చెప్పి పనికెళ్లే మనిషి ఆమె. ఆ ఆందోళనకు మూలం ఆమె మనసులో లేదు, బడి గేటుకు పడ్డ తాళంలో ఉంది.

సెలవుల్లో బడి తెరవడం కుదరదనే వాళ్లంతా 2016 మే 13 నాటి సుప్రీంకోర్టు తీర్పును మర్చిపోతారు. స్వరాజ్ అభియాన్ కేసులో జస్టిస్ మదన్ బి. లోకూర్, మన జస్టిస్ ఎన్.వి. రమణల ధర్మాసనం కరవు రాష్ట్రాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టం సెలవు రోజులను మినహాయించినా సరే, పెట్టమంది. అదేమీ కొత్త ఆలోచన కాదు, 2004 ఏప్రిల్‌లోనే అదే కోర్టు కరవు ప్రాంతాల విషయంలో ఆ మాట చెప్పింది. అది కరవు ప్రాంతాలకే కదా అంటారు. నిజమే, చట్టపరంగా ఆ ఆదేశం అండమాన్‌కు వర్తించదు. కానీ అడుగుతున్నది కోర్టు ధిక్కారం గురించి కాదు. వేసవిలో బడి తెరిచి, పొయ్యి వెలిగించి, పిల్లల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టడం ప్రభుత్వానికి సాధ్యమేనని 2016 తీర్పు తేల్చిందా లేదా?

మరి శిశు సంరక్షణ చట్టాలు ఏం చేస్తున్నాయి? ఆరేళ్ల దగ్గర ఆగిపోతున్నాయి. 1948 కర్మాగారాల చట్టంలోని క్రెష్ ఆరేళ్లలోపు పిల్లలకే ఉండేది. 2005 ఉపాధి హామీ చట్టం పని చోట పిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టమన్నదీ ఆరేళ్లలోపు వాళ్లకే. ఇప్పటి 'పాల్నా' క్రెష్ పథకమూ అంతే. ఏడో ఏడు వచ్చేసరికి బిడ్డను బడి చూసుకుంటుందని ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాకా బడి నడవాల్సింది ఏడాదికి కనీసం 200 రోజులు. మిగిలిన రోజుల సంగతి ఏ చట్టంలోనూ లేదు. అండమాన్‌లో ప్రభుత్వోద్యోగి అయిన తల్లికి సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. కూలి తల్లి ఒక్క రోజు మానినా ఆ రోజు కూలి పోయినట్టే. అమ్మమ్మ ఊరికి పంపొచ్చుగా అనే సలహా విజయనగరంలో చెల్లుతుందేమో. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో చాలామందికి అమ్మమ్మ ఊరంటే 1,200 కిలోమీటర్ల సముద్రానికి అవతల, శ్రీకాకుళంలోనో విశాఖలోనో.

వేసవిలో బడి తెరవడానికి ఎండలు ఒక అభ్యంతరం. కోస్తాలో, తెలంగాణలో దానికి బలముంది, అక్కడ పొద్దుటి పూటకే పరిమితం చేయాలి. ఈ దీవుల్లో 40 డిగ్రీల ఎండ ఎవరూ ఎరగరు, మే మూడో వారానికల్లా నైరుతి వానలు వచ్చేస్తాయి. టీచర్లకు విశ్రాంతి వద్దా అనేది రెండోది. కావాలి, వాళ్లను పిలవక్కర్లేదు. అడిగేది పాఠాలు కాదు. నీడ, అన్నం, కనిపెట్టుకుని ఉండే ఒక పెద్ద మనిషి. ఆ మనిషి బడిలోనే ఉంది. మధ్యాహ్న భోజనం వండే ఆమెకు కేంద్రం లెక్కగట్టే గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. ఆ మొత్తం సిగ్గుచేటన్నది వేరే వ్యాసం. వేసవి రెండు నెలలూ కేంద్రం లెక్కలో ఆమెకు రూపాయి లేదు, పిల్లలకు అన్నం లేదు, వంటగదికి తాళం.

మూడోది డబ్బు. 2016లో కరవు రాష్ట్రాలు నిధుల్లేవంటే, ఆర్థిక ఇబ్బంది సాకుగా చెల్లదని కోర్టు కొట్టిపారేసింది. పైగా అండమాన్‌కు శాసనసభ లేదు, ఢిల్లీనే నేరుగా నడుపుతోంది. కేంద్రం, రాష్ట్రం వాటాల తగువుకు ఇక్కడ తావే లేదు. ఫైలు కదలాల్సింది ఒక్క యంత్రాంగంలోనే. వంటావిడకు ఆ రెండు నెలల వేతనం అదే రేటున ఇచ్చినా పడే అదనపు భారం 2,000 రూపాయలు. పప్పూ బియ్యం ఖర్చు కలిపి, ఇంత పెట్టలేమనే అధికారి ఎవరో ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.