వెయ్యి గంటల కండెన్సర్

మరమ్మతు హక్కు మీద మన దేశంలో సాగుతున్న చర్చ చాలావరకు ఫోన్ల చుట్టూనే తిరుగుతోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో కమిటీ వేసింది, డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. 2025 మేలో మరమ్మతు సూచీ మీద నివేదిక వస్తే అది స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లతోనే మొదలైంది. కానీ ఢిల్లీలో మే నెల మధ్యాహ్నం ప్రాణం మీదకు తెచ్చేది ఫోను కాదు, ఆగిపోయిన ఫ్యాను. ఆగిన ఫ్యానులో పోయింది చాలాసార్లు వైండింగూ కాదు, బేరింగూ కాదు. వంద రూపాయలు కూడా చేయని కండెన్సర్.

అది దొరకడం లేదని నా ఫిర్యాదు కాదు. చాందినీ చౌక్ పక్కన భగీరథ్ ప్యాలెస్‌లో బస్తాల్లో దొరుకుతుంది. నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలో ఏ సెక్టార్ మార్కెట్‌కు వెళ్లినా దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాను అనగానే కొట్టువాడు చూడకుండానే 2.5 మైక్రోఫారడ్, 440 వోల్టుల ముక్క చేతిలో పెడతాడు. రెండు అంకెలూ పాతదానితో సరిపోతాయి. మూడో అంకె మాత్రం కొట్టువాడు చెప్పడు, మనమూ అడగం.

ఆ మూడో అంకె ఆయుష్షు. ఏసీ మోటారు కండెన్సర్లకు, అంటే కెపాసిటర్లకు, అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60252 ఉంది. అందులో నాలుగు తరగతులు: ఎ అంటే 30,000 గంటలు, బి 10,000, సి 3,000, డి 1,000. చూపులకు నాలుగూ ఒకటే, మైక్రోఫారడ్లూ అవే, వోల్టులూ అవే. బతుకులో మాత్రం ముప్ఫై రెట్ల తేడా. పేరున్న సరుకు మీద వోల్టుల పక్కన తరగతి తెలిపే ఒక చిన్న అక్షరం ఉంటుంది. బస్తా సరుకు మీద చాలాసార్లు అదీ ఉండదు.

ఇప్పుడు ఢిల్లీ లెక్క వేయండి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సుమారు 200 రోజులు, రోజుకు 15 గంటలు ఫ్యాను తిరిగితే 3,000 గంటలు. డి తరగతి ముక్క జూన్ దాటడానికే హామీ లేదు. సి తరగతికి ఒక్క వేసవి. బి అయితే మూడు, ఎ అయితే పది. పైగా ఇవి ప్రమాణం చెప్పిన వోల్టేజి, వేడి పరిమితుల్లో లెక్క. పై అంతస్తు శ్లాబు కింద, ఫ్యాను కప్పులో, వేడి దిగని రాత్రి ఏమవుతుందో పైఅంతస్తు అద్దెదారుకే ఎరుక.

కండెన్సర్ ఒక్కసారిగా చావదు. లోపలి ప్లాస్టిక్ పొరలో ఎక్కడైనా చిల్లు పడితే చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరై ఆ లోపం తనంతట తానే మూసుకుంటుంది. మూసుకున్న ప్రతిసారీ కాస్త మైక్రోఫారడ్ తగ్గుతుంది. ఫ్యాను నెమ్మదిస్తుంది, ఆ తర్వాత కర్రతో తోస్తే గానీ కదలదు. అప్పుడొచ్చిన మెకానిక్ 2.5 తీసి 3.15 వేస్తాడు. వేగం వచ్చిందని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, వైండింగ్ వేడెక్కుతుంది. నీళ్ల మోటారు సంగతి ఇంకా దారుణం. కొళాయి నీళ్లు వచ్చే ఆ గంటలోనే అది తిరగాలి. కండెన్సర్ నీరసిస్తే మోటారు తిరగకుండా గుర్రుమంటూ కరెంటు లాగుతుంది, ఎవరూ చూసుకోకపోతే వైండింగ్ కాలిపోతుంది. కొందరు అనుభవజ్ఞులు స్టార్టుకు కొన్ని సెకన్లే ఉండాల్సిన ఎలక్ట్రోలైటిక్ రకాన్ని, మోటారు తిరిగినంతసేపూ ఉండే రన్ కండెన్సర్ చోట బిగిస్తారు. అది పేలుతుంది. వంద రూపాయల లోపు ముక్క ఇలా వేల రూపాయల మోటారును సీలంపూర్ రాగి తుక్కులోకి పంపుతుంది.

ఈ ఆయుష్షును సరుకు మీద ముద్రించాలంటే, ఇంత చిన్న వస్తువుకు నియమాలెందుకు, చిన్న తయారీదారుల మీద భారం కాదా అంటారు. భారమే, ఒక ముద్ర సిరా అంత. బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను కొనుక్కుంటే ఈ కండెన్సరే ఉండదు కదా అని మరికొందరి సలహా. నిజమే, 75 వాట్లు తినేచోట 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది, మంచి యంత్రం. దాని సర్క్యూట్ బోర్డు పోతే భగీరథ్ ప్యాలెస్ బస్తా పనికిరాదు, కంపెనీ దయ చూపాలి. పైగా కోట్ల ఇళ్లలో తిరుగుతున్న పాత ఫ్యాన్లను ఈ సలహాదారులు ఎక్కడ పెడతారట?

అసలు కోపం ఇక్కడ. మన సూచీ నివేదిక వస్తువును విప్పడం ఎంత తేలిక, విడిభాగం సకాలంలో దొరుకుతుందా అని అడిగింది. దొరికిన విడిభాగం ఎన్ని గంటలు బతుకుతుందని అడగలేదు. ఫ్రాన్స్ 2021లో మరమ్మతు సూచీతోనే మొదలుపెట్టింది. అది చాలదని తెలుసుకుని 2025 నుంచి టీవీలకూ వాషింగ్ మెషిన్లకూ మన్నిక సూచీ తెచ్చింది. మనం వాళ్లు వదిలి వెళ్లిన మెట్టు మీద ఫొటో దిగుతున్నాం.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్యాకెట్ మీద ఏం ముద్రించాలో చెప్పే 2011 నాటి తూనికలు కొలతల నియమాలు ఎవరి చేతిలో ఉన్నాయి? వినియోగదారుల వ్యవహారాల శాఖ చేతిలో. ఐఎస్‌ఐ ముద్ర వేసే బీఐఎస్ ఎవరి కింద ఉంది? అదే శాఖ కింద. మరమ్మతు పోర్టల్ ఎవరిది? అదే శాఖది. మూడు అధికారాలూ ఒకే ఇంట్లో ఉన్నా అక్షరం పక్కన ఒక అంకె వేయించడం చేతకాలేదు. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద ఇన్ని వేల గంటలని అచ్చు వేయగా లేనిది, కండెన్సర్ మీద 1,000 అనో 10,000 అనో వేయడానికి అడ్డేమిటి? కొనేవాడికి తెలిస్తే 1,000 గంటల సరుకు ఎవరూ కొనరనేగా!

దీనికీ ఒక కమిటీ కావాలంటే వేసుకోండి. గడువు మాత్రం డి తరగతి లెక్కన 1,000 గంటలే ఇవ్వండి, అంటే 42 రోజుల లోపే.