ముందు బ్రేకు భయం

సికింద్రాబాద్,
జూలై 2025

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

లష్కర్ బోనాల ముందు ఓ చిన్న జల్లు పడింది. ఆ తడికే ప్యారడైజ్ దగ్గర నేను బండి మీంచి పడ్డాను. ఎదురుగా ఆటో టక్కున ఆగితే ముందు బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం బిగుసుకుని పక్కకి జారింది. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. వెనకాల సిటీ బస్సు లేదు కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

బండి నేర్పేటప్పుడు మా నాన్న ఒకటే మాట చెప్పారు: ముందు బ్రేకు ముట్టకురా, బోర్లా పడతావ్. మా బస్తీలో ఎవరి నాన్నని అడిగినా అదే చెబుతాడు. కానీ బ్రేకు వేయగానే బరువంతా ముందుకే వాలుతుంది, బండిని ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు చక్రానిదే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కుతూ, ఆగాల్సిన చోట ఆగలేక గుద్దేస్తున్నాం. యాంటీ లాక్ బ్రేకులు (ఏబీఎస్) ఉంటే ఈ భయం అక్కర్లేదు. చక్రం బిగుసుకోబోతోందని సెన్సర్ పసిగట్టగానే పట్టు వదిలి మళ్లీ పడుతుంది, సెకనుకి ఎన్నోసార్లు.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. చిన్నవాటికి కంబైన్డ్ బ్రేకింగ్ (సీబీఎస్) చాలన్నారు. అది బలాన్ని రెండు చక్రాలకీ పంచుతుంది తప్ప బిగుసుకోవడాన్ని ఆపలేదు. నాది 110 సీసీ. రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల మూటలు మోసేవీ, బిర్యానీ పొట్లాలు చేరవేసే కుర్రాళ్లవీ చాలావరకు ఇలాంటి బండ్లే. పొద్దస్తమానం రోడ్డు మీదుండేది వీళ్లు. ఏబీఎస్ మాత్రం ఆదివారం శామీర్‌పేట షికారుకెళ్లే బండికి!

2022లో రోడ్లు బలిగొన్న 1,68,491 మందిలో 74,897 మంది టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. లెక్క మీ శాఖదే.

చిన్న బండ్లకీ 2026 జనవరి 1 నుంచి ఏబీఎస్ పెట్టాలని గత నెల మీ ముసాయిదా వచ్చింది. ధర పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు, డ్రమ్ బ్రేకు తీసి డిస్క్ బిగించాలి కదా. కానీ ఆ పెరిగిన ధర మీదా జీఎస్టీ పడుతుంది. అదన్నా వదులుకోమని ఆర్థిక శాఖకి మీరే చెప్పండి. కంకర మీదా, గుండైన టైర్ల మీదా ఏబీఎస్ పెద్దగా ఆదుకోదని నాకూ తెలుసు. అయినా కావాలి.

మా అమ్మాయి దసరాకి స్కూటీ కొనమంటోంది. సంక్రాంతి దాకా ఆగమన్నాను. జనవరి 1 తేదీ జారిపోకుండా చూడండి.

ఇట్లు,
110 సీసీ బండివాడు