పడుకున్న గోపురం

ఫైలంటే మా కాలేజీ ఆఫీసులో ఒకటే అర్థం: ఎర్రనాడాతో కట్టి బీరువాలో పెట్టేది, అడిగిననాడు దొరకనిది. మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడి ఫైళ్లు వేరు. అవి చిటికెలో దొరుకుతాయి. దొరికాకే తంటా అంతా.

బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది లెండి. 1994లో నెదర్లాండ్స్‌లో పుట్టింది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న బొమ్మలను తెరమీద చేసే సాధనం. బొమ్మలన్నీ కొలువుదీరే చోటును 'సీన్' అంటారు. వేరొకరు చేసిన బొమ్మను ఫైలుగా తెచ్చి ఆ సీన్‌లో దింపుకోవచ్చు.

నిజానికి ఫైలులో బొమ్మ ఉండదు, అంకెలుంటాయి. ఫలానా బిందువు ఇటు ఇంత, అటు ఇంత, పైకి ఇంత. ఈ బిందువులను కలిపితే ఒక ముఖం. ఓ.బి.జె. అనే రకం ఫైలును తెరిచి చదివితే పొలం దస్తావేజులో చెక్కుబందీ చదివినట్టే ఉంటుంది. అయితే 'పైకి' అంటే ఏ దిక్కో అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒక్క మాట మీద లేవు. బ్లెండర్‌కు 'జెడ్' పైదిక్కు. మరికొన్నింటికి 'వై'.

మావాడి స్నేహితుడొకడు శ్రీకాళహస్తి పాత రాజగోపురాన్ని పాత ఫోటోల ఆధారంగా తయారుచేసి ఇచ్చాడు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఆ ఏడంతస్తుల గోపురం 2010 మే 26న కూలిపోయిన సంగతి మీకు తెలిసిందే. ఆ స్థలంలో కొత్తది లేచి 2017లో కుంభాభిషేకం కూడా జరిగింది. మా అమ్మ పుట్టిల్లు కాళహస్తి. మావాడు ఫైలు దింపుతున్నాడని తెలిసి కళ్లజోడు తుడుచుకుని కుర్చీ దగ్గరగా లాక్కుంది.

గోపురం వచ్చింది. వెల్లకిలా పడుకుని వచ్చింది!

"ఏం నాయనా, మళ్లా పడిపోయిందా?" అంది అమ్మ. నవ్వడానికి నాకు నోరు రాలేదు.

"లేదవ్వా, దిక్కు తప్పిందంతే" అన్నాడు మావాడు. దింపేటప్పుడే పైదిక్కు ఏదని అడిగే గడి ఒకటుంది. అది మార్చి మళ్లీ దింపగానే గోపురం లేచి నిలబడింది. ఒళ్లంతా మాత్రం కళ్లు చెదిరే గులాబిరంగు! రాతి రంగూ గరుకూ చూపే చిత్రాలు వేరే ఫైళ్లట. బొమ్మతో వచ్చేది వాటి చిరునామా మాత్రమేనట. చిరునామాలో మనిషి లేకపోతే బ్లెండర్ ఇలా గులాబిరంగు పులుముతుంది. జి.ఎల్.బి. అనే రకంలో ఆకారమూ రంగూ ఒకే మూటగా తెప్పించుకోవచ్చు. అడిగి అదే పుచ్చుకోవడం మేలు.

అసలు చిక్కు కొలత దగ్గర వచ్చింది. ఎస్.టి.ఎల్. అనే రకం ఫైలులో అంకె ఉంటుంది గాని, అది మిల్లీమీటరో మీటరో ఉండదు. మరో కుర్రవాడు 4,500 మిల్లీమీటర్లకు చేసిన దీపస్తంభం మావాడి సీన్‌లో 4,500 మీటర్లయి కూర్చుంది. సముద్రమట్టం నుంచి తిరుమల కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులు. ఐదు తిరుమలలు ఒకదానిమీద ఒకటి పేర్చినా ఆ దీపం అందదు! దాన్ని వెయ్యో వంతుకు తగ్గిస్తే సరిపోయింది. గోపురానికి ఆ ఉపాయం చెల్లదు. ఎన్ని ఫోటోలు కలిపినా ఆకారం వస్తుంది గాని అడుగులు రావు. ఏదో ఒక్క పొడవు మనకు ముందే తెలిసి ఉండాలి. టేపు పట్టుకు వెళ్లి కొలుద్దామంటే ఆ రాళ్లు అక్కడ నిలబడి లేవు గదా!

అమ్మ లేచి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఒక ఫోటో తెచ్చింది. పెళ్లయిన కొత్తలో తీయించుకున్నది. గోపుర ద్వారం రాతికి వీపు ఆనించి నిలబడి ఉంది. మావాడు ఎగిరి గంతేశాడు. ఆమె తల ఏ చెక్కడం దాకా వచ్చిందో చూసి, బొమ్మలో నేల నుంచి అంతవరకు ఉన్న పొడవును ఆమె ఎత్తుకు సరిచేస్తే చాలు, మిగతా గోపురమంతా దానంతటదే సరిపోతుందన్నాడు.

అవ్వను గోడకు నిలబెట్టి టేపు పట్టాడు. నాలుగడుగుల పదంగుళాలు.

"అప్పటికి ఇంకా రెండంగుళాలు ఎక్కువే ఉంటిని. అది గూడా కలుపు నాయనా, లేకుంటే గోపురం పొట్టిదైపోతుంది" అంది అమ్మ.

కింద రెండంగుళాలంటే పైన కలశాల దగ్గరికి వెళ్లేసరికి కొన్ని అడుగులు. మావాడు కలిపాడు.