‘లూట్’ అను క్రియకు కర్త యెవరు?

ఇంగ్లీషు నిఘంటువునకు మన దేశము దానము చేసిన పదములను లెక్కించి మురియువారు పఠనమందిరములలో తఱచుగా కానవచ్చుచున్నారు. ఆ పట్టికలో ‘లూట్’ అను క్రియ యెప్పుడును ముందువరుసనే యుండును. దోచుట యను నర్థముగల సంస్కృతధాతువునుండి హిందీలోని ‘లూట్’ వచ్చెను. మన ‘లూటీ’యు ఆ యింటి పిల్లయే. 1788లో లండనునందు అచ్చైన హిందూదేశ పదకోశమున నది చోటు సంపాదించెను. ఇంగ్లీషున క్రియగా 19వ శతాబ్దిలో స్థిరపడెను. ఇంతవఱకు వారు చెప్పునది నిజమే. కాని దీనిని దానమనుటకు మాకు నోరాడదు. దొంగ పెట్టెతోబాటు పెట్టె పేరునుగూడ కొనిపోయినచో, గృహస్థుడు తాను దాతనైతినని చాటుకొనునా?

వారికి మాటలు కఱవై దీనిని తీసికొనలేదు. ‘ప్లండర్’ అను పదము అప్పటికే వారికడ నుండెను. అదియు 17వ శతాబ్దిలో, ముప్పదియేండ్ల యుద్ధకాలమున, జర్మనులనుండి తెచ్చుకొన్నదే. దోపిడిమాటలను యుద్ధభూములలో ఏరుకొనుట ఆ భాషకు అలవాటు కాబోలు!

ఈ క్రియకు అర్థము తెలిసికొనుటకంటె కర్త నెఱుగుట ముఖ్యమని మా యభిప్రాయము. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము కూలెను; టిప్పుసుల్తాను నేలకొరగెను. ఆ రాత్రి సైనికులు ఇండ్లలో జొరబడి చేతికందినది దోచుకొనిరి. మరునాడు ఆర్థర్ వెల్లెస్లీ పట్టణాధికారము వహించి, దోపిడి నాపుటకై నలుగురిని ఉరిదీయించి, మఱికొందఱిని కొరడాలతో కొట్టించెను. న్యాయమే యందుము. పిదప జరిగినదేమి? సుల్తాను ధనాగారమును లెక్కించి, అధికారుల సంఘమొకటి హోదాననుసరించి వంతులు వేసెను. వెల్లెస్లీ వంతునకు సుమారు 4 వేల పౌన్లు వచ్చినవి. దీనికి ‘ప్రైజ్’ అని పేరు. చీకటిలో సిపాయి దోచిన లూట్, పట్టపగలు దొర పంచుకొన్న ప్రైజ్! ధనమొక్కటే, ఊరొక్కటే, కర్త మాఱుటచే క్రియ మాఱినది.

1860లో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు పెకింగు సమీపమున చీనా చక్రవర్తి వేసవి ప్రాసాదమును కొల్లగొట్టినవి. అచట చిక్కిన చిన్న కుక్కపిల్ల నొకదానిని సేనాని యొకడు తెచ్చి విక్టోరియారాణికి సమర్పించెను. దానికి పెట్టిన పేరు ‘లూటీ’. పరాయిమాట యగుటచే అందు నేరపు వాసన వారికి సోకలేదు, ముద్దుపేరైనది.

ఇవి గతించిన కథలని కొందఱందురు. 2005లో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరము వఱదలో మునిగెను. దుకాణపు సరకుతో నీటిలో నడచు నల్లజాతి యువకుని చిత్రము క్రింద ‘లూట్’ చేసినాడని యొక వార్తాసంస్థ వ్రాసెను. అట్లే నడచిన తెల్లవారిద్దఱి చిత్రము క్రింద, వారికి రొట్టె ‘దొరకిన’దని వేఱొక సంస్థ వ్రాసెను.

పరులననుట సుకరము. మన సంగతి యేమి? కృష్ణాతీరమునందలి కొల్లూరు గనిలో దొరకినదని ప్రతీతిగల కోహినూరును, 1849 నాటి లాహోరు సంధిచే దలీప్‌సింగునుండి గ్రహించిరి. అప్పటికాతడు తల్లినుండి ఎడబాపబడిన పదేండ్ల బాలుడు. ఆ సంధిచేతనే రాజ్యమును కోల్పోయినాడు. ఆ వజ్రము దొంగిలింపబడినది గాదు, బలిమిచే గొన్నది గాదు, బహూకరింపబడినదని 2016 ఏప్రిలులో మన ప్రభుత్వపు న్యాయవాదియే సుప్రీంకోర్టున విన్నవించెను! అది తమ నిశ్చితాభిప్రాయము గాదని ప్రభుత్వము మరునాడే సవరించుకొన్నది. సంతోషమే. కాని ఆ మాట శత్రువు నోట వచ్చినది గాదు, మన నోటనే వచ్చినది.

వజ్రము లండను ‘చేరిన’దని వ్రాయువారు మనలో నేటికిని గలరు. అది తనంత తాను ఓడ యెక్కెనా? అట్టి వాక్యము వ్రాసిన గ్రంథకర్తలు రాబోవు ముద్రణమునందైన దానికి కర్తను చేర్పవలెనని కోరుచున్నాము.